సంతకం దాటాక

దేశంలో అక్షరాస్యత అన్నిటికంటే తక్కువున్న రాష్ట్రమేదని అడిగితే తెలుగువాళ్లలో చాలామంది తడుముకోకుండా బీహార్ పేరు చెప్తారు. 2023-24 శ్రామిక శక్తి సర్వే వేరే మాట చెప్పింది. ఏడేళ్లు పైబడినవాళ్లలో చదవడం, రాయడం వచ్చినవాళ్లు దేశం మొత్తమ్మీద 80.9 శాతం. బీహార్‌లో 74.3. ఆంధ్రప్రదేశ్‌లో 72.6. రాష్ట్రాల వరసలో ఆఖరున ఉన్నది ఆంధ్రప్రదేశే. తెలంగాణ 76.9 దగ్గర ఉంది. అదీ జాతీయ సగటుకు కిందే.

పొద్దున్నే ఊరూరా కాన్వెంటు బస్సులు తిరిగే నేల ఇది. ఇల్లమ్మి అయినా పిల్లల్ని ఇంజినీరింగు చదివించే తల్లిదండ్రులున్న చోటు. మరి చదువురానివాళ్లు ఎక్కడున్నారు? ఆ పిల్లల ఇళ్లలోనే ఉన్నారు. వాళ్ల అమ్మమ్మలు, నాయనమ్మలు, చాలా ఇళ్లలో అమ్మలు. నలభై దాటిన ఆడవాళ్లు, వ్యవసాయ కూలీలు, దళితవాడల్లో, తండాల్లో, గూడేల్లో ఉండేవాళ్లు, మేస్త్రీ వెంట ఊళ్లు తిరిగే వలస కుటుంబాలు. 2011 జనాభా లెక్కల్లో హైదరాబాద్ జిల్లాలో అక్షరాస్యత 83 శాతం ఉంటే, అక్కడికి కూలికి వలసపోయే జనం ఎక్కువగా ఉన్న పాత మహబూబ్‌నగర్ జిల్లాలో 55 శాతం.

పాతికేళ్లు ఓపిక పడితే శాతం దానంతటదే పెరుగుతుందని లెక్కలు చూసేవాళ్లు కొందరంటారు. పెరుగుతుంది, నిజమే. చదువురానివాళ్లు ఒక్కొక్కరే కన్నుమూస్తూ పోతారు కాబట్టి పెరుగుతుంది. దాన్ని ప్రభుత్వ విధానమని ఎవరైనా అంటే ఒప్పుకోవడం కష్టం. పైగా ఓపిక పట్టకుండా పనిచేసిన కాలం ఒకటి తెలుగునేల మీదే ఉంది. 1991లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అక్షరాస్యత 44.09 శాతం. 2001కి 60.47. పదేళ్లలో పదహారు పాయింట్లకు పైగా. ఆడవాళ్లలో 32.72 నుంచి 50.43కి. ఆ తర్వాతి పదేళ్లలో మొత్తం శాతం ఆరున్నర పాయింట్లు మాత్రమే కదిలి 2011కి 67.02 దగ్గర ఆగింది. 1990లలో పెరిగినదంతా పెద్దవాళ్లకు పెట్టిన రాత్రిబడుల పుణ్యమే అనలేం. కొత్త బడులు వచ్చాయి, ఆడపిల్లలు బడిబాట పట్టారు. అయినా ఆ దశాబ్దంలో ఊళ్లలో ఏం జరిగింది, తర్వాత ఏది ఆగిపోయింది అన్నది చూడకుండా ఈ సమస్యను అర్థం చేసుకోలేం.

వయోజన విద్య తెలుగువాళ్లకు ఢిల్లీ నుంచి వచ్చిన పథకమేమీ కాదు. గ్రంథాలయోద్యమంతో పాటే నడిచిన పని అది. 1911లో అయ్యంకి వెంకటరమణయ్య బెజవాడ రామమోహన గ్రంథాలయంతో మొదలుపెట్టిన ఉద్యమం చదువు వచ్చినవాళ్లకు పుస్తకాలు అందిస్తే, గాడిచర్ల హరిసర్వోత్తమరావు వంటివారు చదువురానివాళ్లకు రాత్రిబడులు పెట్టడం కూడా గ్రంథాలయం పనే అన్నారు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. కాకినాడలో దుర్గాబాయి పన్నెండు పదమూడేళ్ల వయసులోనే ఆడవాళ్లకు హిందీ నేర్పే పాఠశాల పెట్టి, ఆంధ్ర మహిళా సభ దాకా ఆ పని వదలకుండా చేశారు. డబ్బులేని, జీతంలేని పని ఇది. ఊళ్లో నాలుగక్షరాలు వచ్చినవాడు సాయంత్రం లాంతరు వెలిగించుకుని కూర్చునే పని.

ప్రభుత్వం దీన్ని దేశమంతా తలకెత్తుకున్నది 1978 అక్టోబరు 2న. అప్పటి జాతీయ వయోజన విద్యా కార్యక్రమం కేంద్రాలు పెట్టింది, బోధకులకు కొద్దిపాటి పారితోషికం ఇచ్చింది. చాలా కేంద్రాలు కాగితాల మీదే వెలిగాయి. 1988 మే 5న మొదలైన జాతీయ అక్షరాస్యతా మిషన్‌కు దారి చూపింది కేరళలోని ఎర్నాకుళం జిల్లా. కేరళ శాస్త్ర సాహిత్య పరిషత్తు, జిల్లా యంత్రాంగం కలిసి 1989లో జీతం తీసుకోని వేలమంది కార్యకర్తలను కదిలించాయి. 1990 ఫిబ్రవరి 4న అది దేశంలో మొదటి సంపూర్ణ అక్షరాస్య జిల్లా అయింది. మరుసటేడు ఏప్రిల్ 18న కోజికోడ్‌లో కేరళ రాష్ట్రం మొత్తం సంపూర్ణ అక్షరాస్యం అయిందని ప్రకటించింది మంత్రి కాదు. ఆ ఉద్యమంలోనే అక్షరాలు దిద్దిన మలప్పురం మహిళ చేలక్కోడన్ ఆయిషా.

ఎర్నాకుళం పద్ధతిలో మూడు సంగతులు కొత్తవి. పదిమందికి ఒక వలంటీరు. గడువు పెట్టుకుని, ఊరంతా ఒకేసారి కదలడం. పాటలు, నాటకాలతో కళాజాతాలు ముందు నడిచి చదువు మీద ఆశ పుట్టించడం. పాఠం చెప్పేవాడు వచ్చేసరికి ఊరు సిద్ధంగా ఉండేది.

అదే పద్ధతిలో 1991లో నెల్లూరు జిల్లాలో అక్షర దీపం వెలిగింది. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు, బడిపంతుళ్లు, ఊళ్లలో పది పాసై ఖాళీగా ఉన్న యువతీయువకులు వలంటీర్లు. పగలంతా నాట్లకో కలుపుకో పోయి వచ్చిన ఆడవాళ్లు, వంట ముగించి, పిల్లల్ని పడుకోబెట్టి రాత్రి ఎనిమిది తర్వాత పలకలు పట్టుకుని వచ్చేవాళ్లు. వాళ్ల వాచకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం ఉంది. తాగుబోతు మొగుడితో వేగలేక అన్యాయమైపోయిన ఆడమనిషి కథ. ఆ పాఠం చదివాక చర్చ పెట్టమన్నారు. చర్చ పెట్టడానికి వాళ్లకు పాఠం అవసరం లేదు. సీతమ్మ ఎవరో ప్రతి ఇంట్లోనూ తెలుసు. కానీ ఒక్కో ఇంట్లో గొంతు నొక్కుకున్న దుఃఖం అక్కడ పదిమంది మధ్య మాట అయింది.

అప్పటికి సారాను ప్రభుత్వమే వారుణి వాహిని పేరుతో పాకెట్లలో అమ్మిస్తోంది. కూలి డబ్బు సాయంత్రానికి సారా కొట్టులో జమ అయ్యేది. కలిగిరి మండలం దూబగుంటలో ఆడవాళ్లు కూడబలుక్కుని కొట్టు మీదికి వెళ్లారు. కాంట్రాక్టరు మనుషుల్ని ఊళ్లోకి రానివ్వలేదు. కొట్టు మూయించారు. ముందు నిలబడిన వర్ధినేని రోశమ్మను ఆ తర్వాత రాష్ట్రమంతా దూబగుంట రోశమ్మ అనే పిలిచింది.

ఇక్కడ ఆగి చూడాల్సిన సంగతి ఒకటుంది. దూబగుంటలో జరిగింది అక్కడితో ఆగిపోయి ఉండొచ్చు. అక్షరాలు వచ్చినవాళ్లు తర్వాతి మెట్టులో చదువుకునే వాచకంలో ఆ ఊరి కథనే పాఠంగా వేశారు. ఆడవాళ్లు ఒక్కటైతే ఏమవుతుందో చెప్పే పాఠం. అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం నేర్చిన వందల ఊళ్ల ఆడవాళ్లు తమలాంటి ఆడవాళ్లు పక్క మండలంలో ఏం చేశారో అచ్చులో చదివారు. అచ్చులో ఉన్నది నిజం అన్న నమ్మకం పల్లెల్లో బలంగా ఉండే రోజులు. 1992 ఆగస్టు, సెప్టెంబరు నాటికి జిల్లా అంతా సారా కొట్ల ముందు ఆడవాళ్లే. సారా వేలంపాటలు పదేపదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్ 15న నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారాను నిషేధించక తప్పలేదు. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం కూడా వచ్చింది. రెండేళ్లకే దాన్ని ఎత్తేశారు. ఆ కథ వేరు.

నెల్లూరు ఉద్యమం గురించి రాసినవాళ్లు సారా గురించే ఎక్కువ రాశారు. ఆ రాత్రిబడుల్లో జరిగిన దానికి మరో వైపు కూడా ఉంది. నేర్చుకునే మనిషికి చదవాల్సిన అవసరం కనబడినప్పుడు చదువు ఎంత వేగంగా వస్తుందో ఆ జిల్లా చూపించింది. తమిళనాడులో 1991లోనే పుదుక్కోట్టై జిల్లాలో కలెక్టరు షీలా రాణి చుంకత్ అక్షరాలతో పాటు సైకిలు నేర్పించారు. క్వారీల్లో రాళ్లు కొట్టే ఆడవాళ్లు, పొలం కూలీలు సైకిలెక్కారు. ఆడవాళ్ల సైకిళ్లు దొరక్క మగవాళ్ల సైకిళ్లే కొన్నారు. వాటికుండే అడ్డుకడ్డీ మీద పిల్లను కూర్చోబెట్టుకోవచ్చని అదే మేలన్నారు. 1992లో మహిళా దినోత్సవ సందర్భంగా 1500 మంది ఆడవాళ్లు పుదుక్కోట్టై వీధుల్లో సైకిళ్ల మీద ఊరేగిన సంగతి, జిల్లాలో లక్షమంది దాకా సైకిలు నేర్చిన సంగతి పాలగుమ్మి సాయినాథ్ రాయబట్టి దేశానికి తెలిసింది. ఎక్కడికో వెళ్లే స్వేచ్ఛ దొరికిన మనిషికి అక్కడి బోర్డు చదవాలనిపించడం సహజమే కదా.

మరి ఆ ఊపు ఏమైంది? ఉద్యమాలు ఎప్పటికీ ఉద్యమాలుగా ఉండవు. జిల్లాను సంపూర్ణ అక్షరాస్యమని ప్రకటించిన మర్నాటి నుంచి కలెక్టరు వేరే పనిలో పడతాడు. వలంటీరుకు ఉద్యోగమో పెళ్లో వస్తుంది. పలక అటకెక్కుతుంది. కొత్తగా నేర్చిన పెద్దవాళ్లు ఏడాది రెండేళ్లలో మళ్లీ మరిచిపోవడం చాలా జిల్లాల్లో జరిగింది. దానికి నేర్చుకున్నవాళ్ల అశ్రద్ధే కారణమని అధికారులు తేలిగ్గా రాసేశారు. అసలు కారణం చదవడం అనే పనిలోనే ఉంది.

జాతీయ అక్షరాస్యతా మిషన్ పెట్టుకున్న కొలతలు ఇవి: తేలికైన పాఠాన్ని పైకి చదివితే నిమిషానికి 30 మాటలు, మనసులో చదువుకుంటే 35. చూసి రాస్తే నిమిషానికి ఏడు మాటలు, చెప్తుంటే రాస్తే ఐదు. వంద దాకా అంకెలు, మూడంకెల కూడికలు, తీసివేతలు. కాగితం మీద మంచి కొలతలే. కానీ జనాభా లెక్కలప్పుడు ఎవరూ ఎవరి చేతా చదివించి చూడరు. ఇంటికొచ్చిన పంతులు అడుగుతాడు, ఇంట్లో ఉన్నవాళ్లు చెప్తారు, గడిలో గుర్తు పడుతుంది. కాబట్టి సంతకం నేర్చిన మనిషి చాలాసార్లు అక్షరాస్యుల లెక్కలోకి వెళ్లిపోతుంది.

సంతకం చిన్నదని ఎవరూ అనకూడదు. బ్యాంకులో అందరి ముందూ బొటనవేలికి సిరా పూయించుకున్న మనిషికి తన పేరు తను రాసుకోవడం ఎంత గౌరవమో డ్వాక్రా సంఘాల్లో పనిచేసినవాళ్లకు తెలుసు. అయితే సంఘం తీర్మానాల పుస్తకంలో పైన ఏం రాశారో తెలియకుండా కింద పేరు రాసే మనిషికి, వేలిముద్ర రోజుల్లో ఉన్న ప్రమాదం ఇప్పుడూ అంతే ఉంది. అప్పు కాగితం, భూమి కాగితం, ఆసుపత్రిలో ఆపరేషన్ ముందు పెట్టించుకునే అంగీకారపత్రం, అన్నీ అంతే.

చదువును పరిశోధించినవాళ్లు చెప్పే సంగతి ఇక్కడ పనికొస్తుంది. ప్రపంచ బ్యాంకులో పనిచేసిన హెలెన్ అబాద్జీ 2003లో వయోజన విద్య మీద రాసిన పత్రంలో మనిషి జ్ఞాపకశక్తి గురించి ఒక ముఖ్యమైన విషయం ముందుకు తెచ్చారు. అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతున్నప్పుడు, వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో చదివింది మనసులోంచి జారిపోతుంది. నిమిషానికి 45 నుంచి 60 మాటల వేగం వస్తేనే వాక్యం మొత్తం ఒక్కసారి మనసులో నిలిచి అర్థమవుతుంది. ఆ వేగం పిల్లలకు రోజూ బడిలో చదివి చదివి వస్తుంది. పెద్దవాళ్లకు ఆరు నెలల రాత్రిబడిలో రాదు. వేగం రాకముందే బడి మూసేస్తే చదవడం ఎప్పటికీ బరువుగానే ఉంటుంది, బరువైన పనిని ఎవరైనా మానేస్తారు. ఆ అంకెల్ని తెలుగుకు ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. తెలుగు మాట పొడవైనది. వెళ్లాలనుకున్నవాళ్లందరికీ అన్నది ఒక్క మాటే. అయినా సూత్రం మారదు.

తెలుగు లిపి దగ్గర కాసేపు నిలబడితే పెద్దవాళ్ల కష్టం కళ్లకు కడుతుంది. అచ్చులు, హల్లులు అయ్యాక గుణింతాలు. అవి అయ్యాక ఒత్తులు. ప, ష, వ ఒకదాని పక్కన ఒకటి రాస్తే కొత్తగా చూసేవాళ్లకు ఒక్కలాగే ఉంటాయి. ద, ధ, థలకు తేడా ఒక గీతో చుక్కో. ఇక త, న, మ, య, ర, ల ఒత్తులైతే అసలు అక్షరాన్ని పోలనే పోలవు. మక్కికి మక్కిగా నేర్చుకోవాల్సిందే. వరసగా అ ఆ ఇ ఈ మొదలుపెట్టి క్ష, ఱ దాకా దిద్దించే వలంటీరు దగ్గరికి మొదటివారం పన్నెండుమంది వస్తే, ఌ దగ్గరికి వచ్చేసరికి నలుగురు మిగులుతారు. ఆ అక్షరంతో వాళ్లకు జీవితంలో పనిపడదు. ముందు పని, పలక, వల లాంటి చిన్న మాటలు, ఊరి పేరు, పిల్లల పేర్లు, బస్సు బోర్డు మీది ఊళ్లు చదివించి, ఆ మాటల్లోంచి అక్షరాలు విడదీసి చూపించేవాళ్ల దగ్గర బడి నిలబడుతుంది. మిషన్ తయారుచేయించిన మూడు మెట్ల వాచకాలూ మాటల్లోంచే అక్షరాలకు వచ్చేవి. 2000లో టీసీఎస్ పెద్దాయన ఎఫ్.సి. కోహ్లీ ఆలోచనతో మెదక్ జిల్లాలో తెలుగులోనే మొదలైన కంప్యూటరు పాఠాలు ఇంకో అడుగు ముందుకేశాయి. మాటల బొమ్మల్ని తెర మీద గుర్తుపట్టిస్తూ నలభై గంటల్లో పేపరు చదివించవచ్చన్నది దాని పూచీ. చదవడం మీదే దృష్టి పెట్టి, రాయడాన్ని తర్వాతకు వదలడం అందులో తెలివైన పని. నలభై గంటల తర్వాత ఆ పేపరు ఇంటికి ఎవరు తెచ్చిస్తారన్న ప్రశ్న మాత్రం దానికీ మిగిలింది.

కళ్ల సంగతి చాలామంది వలంటీర్లకు తట్టదు. నలభై దాటితే చత్వారం వస్తుంది. చదువుకున్నవాడికి పేపరు దూరం జరుపుకోవాల్సి రావడంతో అది వెంటనే తెలుస్తుంది. చదువురాని మనిషికి సూదిలో దారం ఎక్కించేటప్పుడు తప్ప తెలియదు. నలభై ఐదేళ్ల మనిషిని తొలిసారి వాచకం ముందు కూర్చోబెడితే అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తాయి. తనకు బుర్ర లేదనుకుంటుంది, సిగ్గుపడి మానేస్తుంది. ఎర్నాకుళం కార్యకర్తలు ఈ సంగతి తొందరగానే కనిపెట్టి, కళ్లజోళ్లు సేకరించడం ఉద్యమంలో భాగం చేసుకున్నారు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 750 మంది కూలీల మీద జరిపిన పరీక్ష ఫలితాలు 2018లో లాన్సెట్ పత్రికల్లో వచ్చాయి. దగ్గరచూపు అద్దాలు ఇచ్చినవాళ్ల పనితనం ఇవ్వనివాళ్లకంటే ఇరవై శాతానికి పైగా పెరిగింది. ఆకు కోయడానికే అంత తేడా ఉంటే, త ఒత్తుకూ న ఒత్తుకూ తేడా పట్టడానికి ఎంత ఉంటుందో ఊహించవచ్చు. రెండు మూడు వందలకు దొరికే అద్దాలవి. బడి మొదలుపెట్టే ముందు కంటి పరీక్ష చేయించని కార్యక్రమం సగం మందిని తలుపు దగ్గరే పోగొట్టుకుంటుంది.

కళ్లజోడుకు ఇంకో వాడుక కూడా ఉంది. బస్టాండులోనో రేషన్ షాపులోనో పక్కవాళ్లకు కాగితం చాపి, కళ్లజోడు ఇంట్లో మరిచిపోయానమ్మా, కాస్త చదివిపెట్టు అనేవాళ్లను అందరూ చూసే ఉంటారు. వాళ్లలో చాలామందికి కళ్లజోడే లేదు. చదువు రాదని చెప్పుకోలేని నామోషీ అది. మగవాళ్లలో మరీ ఎక్కువ. అందుకే మగవాళ్లు రాత్రిబడికి రారు; నలుగురూ చూసే అరుగు మీద మనవడి వయసు కుర్రాడి ముందు పలక పట్టుకోవడం వాళ్లవల్ల కాదు. ఇంట్లో కోడలో మనవరాలో నేర్పితే నేర్చుకుంటారు. ఒకరికి ఒకరు అన్న పద్ధతిని 1930లలో ఫిలిప్పీన్స్‌లో ఫ్రాంక్ లాబాక్ మొదలుపెట్టి ఇండియాకు కూడా తెచ్చారు. ప్రచారపటాల మీద అందంగా కనిపించే ఆ నినాదం నిజంగా పనికొచ్చే చోటు ఇదే.

నేర్పే పిల్లలకు కూడా కొన్ని సంగతులు ముందే చెప్పాలి. పెద్దావిడను పిన్నీ, పెద్దమ్మా అని పిలుస్తూనే తప్పు దిద్దేటప్పుడు పంతులమ్మ అయిపోకూడదు. నా చేతులు కొడవలి పట్టిన చేతులు, పెన్ను పట్టవమ్మా అంటే, వేళ్లు పట్టుకుని దిద్దించడం కంటే ముందు చదివించడం మొదలుపెట్టాలి. నాట్ల కాలంలో, కోతల కాలంలో ఎవరూ రారు. రాలేదని పేరు కొట్టేయకూడదు. లెక్కలు వాళ్లకు నోటితో బాగానే వచ్చు. బస్తాకు ఇన్ని కేజీల తరుగు తీస్తే ఎంత పోతుందో వాళ్లు నోటితో చెప్తారు; వలంటీరు కాగితం మీద అదే లెక్క చేసి చూపిస్తే అంకెలు ఒక్కరోజులో పట్టుబడతాయి. ఇలాంటివి ఒకరోజు శిక్షణలో నేర్పేయవచ్చు. చాలాచోట్ల ఆ ఒక్కరోజు కూడా ఇవ్వరు.

వలంటీరు మీద భారమంతా వేసేయడం ఇంకో పొరపాటు. 2009 సెప్టెంబరు 8న మొదలైన కేంద్ర పథకం సాక్షర భారత్ పంచాయతీకి ఒక లోక్ శిక్షా కేంద్రం, ఇద్దరు ప్రేరకులు అంది. ప్రేరకుడి జీతం నెలకు రెండు వేలు. ఉపాధి హామీ పనికి వెళితే పది పన్నెండు రోజుల్లో వచ్చే డబ్బు. అదైనా నెలనెలా రాలేదు. 2018 మార్చి నెలాఖరుతో పథకం ముగిసింది. తెలుగు రాష్ట్రాల్లో వేలమంది ప్రేరకులు ఇంటికెళ్లిపోయారు. ఏళ్ల తరబడి ఊళ్లో ఉండి, ఎవరికి ఏ అక్షరం దగ్గర ఆగిందో తెలిసిన మనుషులు వాళ్లు. ఆ అనుభవమంతా వాళ్లతోనే పోయింది. వలంటీర్లు సాయంత్రం గంటసేపు ఉచితంగా చెప్పగలరు. వాళ్లను వెతికి, శిక్షణ ఇచ్చి, వాళ్లు పెళ్లయి వెళ్లిపోయినప్పుడు ఇంకొకరిని కూర్చోబెట్టే మనిషికి మాత్రం బతకడానికి సరిపడా జీతం ఉండాలి.

1961లో క్యూబా ఈ పనిని ఒక్క ఏడాదిలో పూర్తిచేసిందని అందరూ చెప్తారు. లక్షమంది దాకా స్కూలు, కాలేజీ పిల్లలు లాంతర్లు పట్టుకుని పల్లెలకు వెళ్లి, రైతుల ఇళ్లలోనే ఉండి, పగలు వాళ్లతో పొలం పనిచేసి రాత్రి పాఠం చెప్పారు. 7 లక్షల 7 వేలమంది చదవడం నేర్చారు. తక్కువమంది చెప్పే భాగం దాని తర్వాతది. ఆ పెద్దవాళ్లను ఆరో తరగతి స్థాయికి తీసుకెళ్లే బడులు క్యూబా ఏళ్ల తరబడి నడిపింది. అందుకే ఆ చదువు నిలిచింది.

ఇప్పుడు నడుస్తున్న కేంద్ర కార్యక్రమం ఉల్లాస్. 2022 నుంచి 2027 దాకా 1037.90 కోట్ల ఖర్చుతో, ఐదు కోట్లమందికి నేర్పాలని లక్ష్యం. పూర్తిగా వలంటీర్ల మీద ఆధారపడింది. యాప్‌లో నేర్చుకునేవాళ్ల పేరు, నేర్పేవాళ్ల పేరు నమోదవుతాయి. చివర 150 మార్కుల పరీక్ష. చదవడానికి 50, రాయడానికి 50, లెక్కలకు 50. లడఖ్, మిజోరం, గోవా, త్రిపుర వరసగా పూర్తి అక్షరాస్య ప్రాంతాలుగా ప్రకటించుకున్నాయి. పరీక్ష పెట్టడం మంచిదే; గడిలో గుర్తు కంటే వంద రెట్లు నయం. ముసలివాళ్లకు పరీక్ష భయం అనుకోవాల్సిన పనిలేదు. కేరళలో 2018లో 96 ఏళ్ల కార్త్యాయని అమ్మ అక్షర లక్షం పరీక్షలో వందకు 98 మార్కులు తెచ్చుకుంది. కానీ పాసైన మనిషికి మూడు నెలల తర్వాత ఏం చదివిస్తున్నారన్నది ఏ యాప్‌లోనూ కనిపించదు. ఉల్లాస్ విలువను అక్కడ తూచాలి.

సెల్‌ఫోన్ వచ్చాక ఇక చదువెందుకు, గొంతుతో అన్నీ పంపుకోవచ్చు కదా అనే వాదన ఒకటి వినిపిస్తుంది. గల్ఫ్‌లో ఉన్న కొడుక్కి వాయిస్ మెసేజ్ పంపడానికి కరీంనగర్ తల్లికి అక్షరం అక్కర్లేదు, నిజమే. అదే ఫోనులో ఓటీపీ వస్తుంది. బ్యాంకు నుంచి డబ్బు కోసుకున్నట్టు మెసేజ్ వస్తుంది. ఉపాధి కూలి ఎంత పడిందో అక్షరాల్లోనే వస్తుంది. వీటిని చదవలేని మనిషి ఫోను తీసుకెళ్లి ఎవరి చేతిలోనో పెడుతుంది; మోసం అక్కడే జరుగుతుంది. 2006లో ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీకి సామాజిక తనిఖీలు మొదలైనప్పుడు చదువుకున్న ఊరి కుర్రాళ్లు మస్టర్ల కాగితాలు గ్రామసభలో పైకి చదివి వినిపించారు. పనికి రానివాళ్ల పేర్లు, చనిపోయినవాళ్ల పేర్లు అందులో వినిపించేసరికి జనం లేచి నిలబడ్డారు. ఆ కాగితాన్ని ఎవరి కూలి అందులో ఉందో ఆ మనిషే చదువుకోగలిగితే తనిఖీ కోసం ఏడాది ఆగక్కర్లేదు.

కాబట్టి చేయాల్సిన పనుల్లో మొదటిది పెద్ద ఖర్చున్నదేమీ కాదు. ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం 1960 నాటిది. ఇంటిపన్ను కట్టే ప్రతివాళ్లూ రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కింద కడుతూనే ఉన్నారు. ఆ డబ్బు వసూలుచేసిన పంచాయతీలు, మున్సిపాలిటీలు జిల్లా గ్రంథాలయ సంస్థలకు జమ చేయకుండా బకాయి పెట్టడం ఏళ్ల తరబడి నడుస్తున్న కథ. శాఖా గ్రంథాలయాలు చాలావరకు పోటీ పరీక్షల కుర్రాళ్లతో నిండి, కూలి జనం ఇంటికొచ్చేసరికి తాళం వేసుకుంటాయి. బకాయిలు కట్టించి, వారంలో మూడు రోజులైనా రాత్రి ఏడు నుంచి తొమ్మిది దాకా తెరిచి, పెద్ద అక్షరాల పుస్తకాలకు ఒక అర కేటాయిస్తే, పరీక్ష పాసైనవాళ్లకు తర్వాత వెళ్లడానికి ఒక చోటు దొరుకుతుంది. ఆ అరలో నీతి కథలే నింపకూడదు. పంటల బీమా కాగితం ఎలా నింపాలి, షుగరు మాత్రల చీటీ ఎలా చదవాలి, పింఛను ఆగితే ఎవరికి అర్జీ పెట్టాలి, భూమి పాసుపుస్తకంలో ఏ గడిలో ఏముంటుంది అనేవి ఉండాలి. వాటితో పాటు సినిమా పాటల పుస్తకాలు, ఆ జిల్లా వార్తలు. దూబగుంట కథను అచ్చువేసి పక్క ఊళ్ల చేతుల్లో పెట్టినట్టే, పక్క మండలంలో ఈ నెల ఏం జరిగిందో రాసే నాలుగు పేజీల పత్రికను వలంటీర్లే తయారుచేయగలరు. నేర్చుకున్నవాళ్లలో ఒకరిద్దరి చేత అందులో రాయించనూ గలరు. జిల్లా గ్రంథాలయ సంస్థలకు అచ్చు ఖర్చు భరించేంత పన్ను రావాల్సి ఉంది.